చవక ఓడలో లోపలి గది

మా నాన్న ఎక్కడికి వెళ్ళినా కూర్చునేముందు కుర్చీని అరచేత్తో నొక్కి చూస్తాడు. డాక్టరు దగ్గరైనా అంతే, బస్సులో అయినా అంతే. పెళ్ళికి ముందు మొదటిసారి మా అమ్మ వాళ్ళింటికి వెళ్ళినప్పుడు, ఆయన ఏం మాట్లాడతాడా అని అందరూ చూస్తుంటే, సోఫా నొక్కి, "స్ప్రింగులు పోయాయండి, మార్పించాలి" అన్నాడట. మా అమ్మ ఆ మాటని ఇప్పటికీ వదల్లేదు. ఇంట్లో ఏ గొడవ మొదలైనా తిరిగి తిరిగి ఆ స్ప్రింగుల దగ్గరికే వస్తుంది.

ఆయన పని సోఫాలు. పాతవాటిని చట్రం దాకా విప్పేసి, కొత్త స్పాంజి వేసి, కొత్త బట్ట తొడగడం. ఊళ్ళో అందరూ స్పాంజి మేస్త్రి అంటారు. పని చేస్తున్నంతసేపూ నోట్లో చిన్నమేకులు పెట్టుకుని, ఒక్కొక్కటే నాలుకతో పెదాల మీదికి తెచ్చి, అయస్కాంతం సుత్తికి అందించి కొడతాడు. కాబట్టి పగలంతా ఆయనతో మాట్లాడితే మనకి వచ్చే జవాబు "ఊఁ" ఒక్కటే. ఈ ఊఁ సంగతి తర్వాత వస్తుంది.

మనిషి మోసగాడు కాదు, ఆ మాట ముందే చెప్పాలి. బేరం మాట్లాడటానికి ఎవరొచ్చినా మొదట అడిగేది, "సోఫా గోడకి ఆనించి వేస్తారా, గది మధ్యలో వేస్తారా?" అని. గోడకి ఆనిస్తామంటే వెనకవైపు నాసిరకం బట్ట వేస్తాడు. ఎవరూ చూడని చోటికి ఖరీదైన బట్ట ఎందుకంటాడు. వేసిన సంగతి చెబుతాడు, ఆ మేరకి ధర కూడా తగ్గిస్తాడు. కనపడనిచోట తగ్గించుకోవడం అనేది ఆయనకి తెలివి, పొదుపు, ధర్మం, అన్నీ. మా ఇంటి గోడలకి కూడా అలమారలున్న చోట రంగు వెయ్యలేదు.

దుకాణం రెండు గదులు. ముందుగదికి వీధివైపు పెద్ద అద్దం, మంచి వెలుతురు, అందులో నాన్న, సోఫాలు, బట్టల నమూనాలు. వెనకగదిలో కుట్టుమిషను, ఒక ట్యూబులైటు, మా అత్త. ఆ గదికి కిటికీ లేదు. రెండు గదుల మధ్యా ఒక తెర వేలాడుతుంది. వచ్చినవాళ్ళకి తెర అవతల మిషను చప్పుడు వినపడేది తప్ప మనిషి కనపడేది కాదు.

అత్త అంటే నాన్నకి అక్క. వాళ్ళమ్మ పోయినప్పుడు ఈయన ఇంకా పాకే వయసు. చంకనేసుకుని పెంచింది ఆవిడే. ఆవిడ కాపురం మూణ్ణాళ్ళ ముచ్చట అయింది. మామయ్య జబ్బు చేసి పోయాడు. నాన్న దుకాణం పెట్టిన కొత్తలో కొన్నాళ్ళు సాయంగా ఉంటానని వచ్చింది. కవర్లన్నీ ఆవిడే కుట్టింది. ఆ కొన్నాళ్ళు ఇంకా అయిపోలేదు. నేను పుట్టాను, చదువుకున్నాను, మందుల దుకాణంలో ఉద్యోగంలో చేరాను, అత్త ఆ ట్యూబులైటు కిందే ఉంది.

వెనకగోడకి కిటికీ పెట్టిస్తానని నాన్న ప్రతి వేసవికీ అనేవాడు. ప్రతి వేసవికీ ఏదో ఒకటి అడ్డం వచ్చేది. చివరికి, "ఎండ తగిలితే బట్ట రంగు వెలుస్తుందక్కా" అని తేల్చాడు. అది అబద్ధం కాదు, బట్ట నిజంగానే వెలుస్తుంది. కాకపోతే బట్టకి పెట్టిన నియమం అత్తకి కూడా పెట్టేశాడు. ఆవిడ, "సరేలే తమ్ముడూ" అంది. ఆవిడ దేనికైనా అనే మాట అదే.

పోయిన ఏడాది ఆవిడ కుడిభుజం పట్టేసింది. ఇక మిషను ముట్టుకోవద్దని డాక్టరు ఖచ్చితంగా చెప్పాడు. ఆఖరి కవరు కుట్టి మిషనుకి గుడ్డ కప్పిన రోజు సాయంత్రం, భోజనాల దగ్గర నాన్నకి గుండె కరిగిపోయింది. కళ్ళు తుడుచుకుని, "అక్కా, నీకేం కావాలో అడుగు. ఏదైనా సరే" అన్నాడు. ఏదైనా అన్న మాటకి మా అమ్మ చేతిలో గరిటె ఆగింది.

అత్త గ్లాసులో నీళ్ళు నెమ్మదిగా తాగి, "ఓడెక్కాలని ఉంది" అంది.

మేం ముగ్గురం ఆవిడ వంక చూశాం. అప్పుడు చెప్పింది. ఎప్పుడో ఒక పెద్దావిడ కుషన్ల కోసం ముందుగదిలో కూర్చుని, తను ఓడ మీద చేసిన ప్రయాణం గురించి నాన్నకి చెప్పిందట. తెర వెనక నుంచి అత్త మొత్తం విన్నదట. "పొద్దున నిద్రలేచి కర్టెన్ తీస్తే మంచం దగ్గరికే సముద్రం వచ్చినట్టు ఉంటుందట. ఆవిడ కాసేపు అలా పడుకునే చూసేదట. అలా ఒక్కసారి చూడాలి."

"అంతేనా?" అన్నాడు నాన్న, ఓడ కొనిమ్మన్నా కొనేవాడిలా. ఆవిడ ఏమడిగిందో అక్కడున్న ముగ్గురికీ స్పష్టంగా అర్థమైంది. అర్థం కాలేదని తర్వాత ఎవరూ అనడానికి వీల్లేదు.

టికెట్లు ఇచ్చే ఆఫీసుకి నేనూ నాన్నా వెళ్ళాం. అక్కడి టికెట్ల అమ్మాయి నా వయసుదే, ఓపిక గలది. నాన్న ముందు ఆమె ఎదురుగా ఉన్న కుర్చీ నొక్కి చూసి, మొహం అదోలా పెట్టి కూర్చున్నాడు. ఆ అమ్మాయి రెండు ఓడలు చూపించింది. మొదటిది మంచి కంపెనీ. ప్రతి గదికీ బాల్కనీ. జనం తక్కువ, తిండి అంతా టికెట్లోనే, ఏ రేవులో ఆగినా ఊరికి దగ్గరగా ఆగుతుంది. మా దగ్గరున్న డబ్బుకి అందులో ఇద్దరు వెళ్ళొచ్చు. రెండోది చవక ఓడ. జనం కిటకిటలాడతారు, కాఫీకి కూడా విడిగా ఇచ్చుకోవాలి, డెక్కు మీద కుర్చీ దొరకాలంటే పోటీ పడాలి. మాకు అందే గదులు మాత్రం లోపలివి, అంటే నడవకి ఆ పక్కా ఈ పక్కా ఉండే కిటికీ లేని గదులు. అదే డబ్బుకి ఇందులో నలుగురం వెళ్ళొచ్చు.

"మొదటిదే తీసుకో నాన్నా. అత్తకి తోడు అమ్మో నేనో వెళ్తాం" అన్నాను.

ఆయన నావైపు తిరగలేదు. కంప్యూటరు తెర మీద ఓడ బొమ్మని చూస్తున్నాడు. తెల్లగా, అంతస్తులు అంతస్తులుగా ఉన్న ఓడ. ఆ చూపు చూస్తే నాకు విషయం తెలిసిపోయింది. ఆయన కూడా జీవితంలో ఓడ ఎక్కలేదు. ఆయనకీ ఎక్కాలని ఉంది. ఆశపడటం తప్పు కాదు. ఆ ఆశని అక్క పేరు మీద పెట్టి తీర్చుకోవడం దగ్గరే నాకు ఒళ్ళు మండింది.

"నలుగురం వెళ్తే అక్కకి కూడా సందడిగా ఉంటుంది కదమ్మా" అన్నాడు ఆ అమ్మాయితో, నాతో కాదు. "అయినా గదిలో ఎవరుంటారు? పడుకోడానికేగా."

"కొందరికి పట్టింపు ఉండదండి. కొందరికి ఊపిరాడనట్టు ఉంటుంది. ఎవరికోసం తీసుకుంటున్నారో వాళ్ళని ఒకసారి అడగండి."

"కర్టెన్ ఉంటుందా?"

అడిగాడండీ మహానుభావుడు. ఆ అమ్మాయి గది ఫోటో చూపించింది. మంచం, పక్కన చిన్న కుర్చీ, గోడ నిండా నీలం కర్టెన్. "కర్టెన్ ఉంటుంది. దాని వెనక మాత్రం ఏమీ ఉండదండి. గది పెద్దగా కనపడుతుందని వేస్తారు."

నాన్న మొహం తేటపడింది. ఈ కిటుకు ఆయనకి కొత్త కాదు. ఇరుకు గదుల్లో ఉత్త గోడకి కర్టెన్లు ఆయనే ఎన్నో కట్టాడు. ఒక లాయరుగారి ఆఫీసులో కట్టినప్పుడు, వచ్చినవాళ్ళంతా ఆ వెనక తోటేదో ఉందనుకుంటారని లాయరుగారు తెగ సంబరపడ్డారట. సోఫాలవాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యని పొరపాటు ఇదే అనుకుంటాను. కర్టెన్ బాగుంటే చాలు, మనిషికి కిటికీ ఉన్నట్టే అనుకోవడం. చవక ఓడకే టికెట్లు తీసుకున్నాడు.

దారిలో నేను, "అత్తకి చెప్పు" అన్నాను.

"చెప్తాలే."

"ఇవాళే చెప్పు."

"చెప్తానన్నానుగా, వెంటపడతావేంటి?" అని, మాట మార్చడానికి బండి దగ్గర ఆగి అరటిపళ్ళు కొన్నాడు.

ఇంటికి రాగానే మా అమ్మ పళ్ళు చూసి, "ఏం చేసొచ్చారు?" అంది. ఆయన తనంతట తాను పళ్ళు తెచ్చాడంటే ఏదో వెలగబెట్టి వచ్చాడనే మా ఇంట్లో లెక్క. విషయం విని అమ్మ నాలుగు చివాట్లు పెట్టింది. "నోరు తెరిచి జీవితంలో ఒక్కటి అడిగింది వదిన. అది కూడా సగం కోసి ఇస్తారా?" అంది. అని, మర్నాడు వెళ్ళి కొత్త పెట్టె కొనుక్కొచ్చింది. అమ్మకీ ఓడ ఎక్కాలని ఉందని అప్పుడే తెలిసింది.

చెప్పాల్సిన మాట మాత్రం నాన్న నోట్లోనే ఉండిపోయింది. ఒకరోజు ఆయన ముందుగదిలో మేకులు నోట్లో పెట్టుకుని వంగి పని చేస్తుంటే, అత్త తెర తీసి గుమ్మంలో నిలబడింది. మిషను మానేసినా ఆ గదిలోకి వచ్చి కూర్చోవడం మానలేదు ఆవిడ. "మన గదిలోంచి సముద్రం కనపడుతుందా తమ్ముడూ?" అని అడిగింది. నేను అక్కడే ఉన్నాను. నాన్న తల ఎత్తకుండా, "ఊఁ" అన్నాడు.

నోటి నిండా మేకులుంటే మనిషి ఊఁ కాక ఏమంటాడు అని తర్వాత నాతో వాదించాడు. ఉమ్మేసి మాట్లాడొచ్చు కదా అన్నాను. మేకుల డబ్బా అందుకున్నాడు.

ఆ రోజు నుంచి ఆయనకి కుదురు పోయింది. అత్తకి మెత్తని చెప్పులు తెచ్చాడు. ఆవిడ దిండు విప్పి కొత్త స్పాంజి నింపాడు. భోజనాల దగ్గర ఫ్యాను తనవైపు నుంచి ఆవిడవైపు తిప్పేవాడు. ఆవిడ చలేస్తోందని మళ్ళీ ఇటు తిప్పేది. "ఓడ" అన్న మాట వినపడితే చాలు, లేచి చేతులు కడుక్కోడానికి వెళ్ళేవాడు. పాపం, తప్పు చెయ్యడం కూడా రాని మనిషి. కడుపులో దాచుకున్నది మొహం మీద మొత్తం కనపడేది. అత్త మాత్రం తమ్ముడికి తన మీద ఇంత ప్రేమా అని మురిసిపోయేది. అది చూస్తే నాకే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు.

ఓడ ఎక్కిన మధ్యాహ్నం జాతరలా ఉంది జనం. మాకిచ్చిన రెండు గదులూ ఎదురెదురుగా ఉన్నాయి. ఒకటి అమ్మానాన్నలకి, ఒకటి నాకూ అత్తకీ. అత్త పెట్టె మోసుకుంటూ నాన్న మా వెనకే వచ్చాడు. గది శుభ్రంగానే ఉంది. రెండు మంచాలు, మధ్యలో చిన్న బల్ల, ఒక కుర్చీ, గోడ నిండా నీలం కర్టెన్. అత్త దాని ముందుకి వెళ్ళి ఆగింది. నేను నోరు తెరిచేలోపు వెనక్కి తిరిగి, "ఇప్పుడే తియ్యొద్దు. పొద్దున లేచాక తీద్దాం. ఆ కుషన్ల పెద్దావిడ అలాగే చేసేదట" అంది. చిన్నపిల్లలా నవ్వింది.

నాన్న పెట్టె కింద పెట్టి, తమ గదిలో మంచం ఎలా ఉందో చూసుకోవాలని గొణిగి వెళ్ళిపోయాడు. అత్త కుర్చీని కర్టెన్ వైపు తిప్పి పెట్టుకుంది. నేను ఎదురుగదికి వెళ్ళి తలుపు మూశాను.

"నువ్వు చెప్తావా, నేను చెప్పనా?"

"నేనే చెప్తా. భోజనం చేశాక. ఖాళీ కడుపు మీద ఎందుకు?"

భోజనమూ అయింది. స్పాంజి గురించి చెప్పాడు, ఓడలో కుర్చీల కుట్టు గురించి చెప్పాడు, ఇంజను చప్పుడు గురించి చెప్పాడు. ఆ ఒక్కటీ చెప్పలేదు. నేను బల్ల కింద ఆయన కాలు తొక్కాను. నీళ్ళు నమిలాడు. అత్త త్వరగా పడుకోవాలని లేచింది, పొద్దున్నే లేవాలి కదా అని.

ఆ గదిలో తెల్లవారడం తెలియదు. దీపం ఆర్పితే అమావాస్య, వేస్తే పగలు. అలవాటు కొద్దీ అత్తే ముందు లేచి, "తెల్లారిందా?" అని అడిగింది. ఫోను చూసి తెల్లారిందన్నాను. ఆవిడ మొహం కడుక్కుంది. జుట్టు విప్పి దువ్వుకుని మళ్ళీ ముడేసుకుంది. ఎవరో పెద్దవాళ్ళని చూడబోతున్నట్టు చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. తర్వాత ఆ కుషన్ల పెద్దావిడ చెప్పింది గుర్తొచ్చి కాబోలు, మళ్ళీ మంచం మీద పడుకుని, చెయ్యి చాపి కర్టెన్ పక్కకి లాగింది.

గోడ. మీగడ రంగు వేసిన ఇనప గోడ, అక్కడక్కడ మరమేకుల తలలు. అత్త లేచి కూర్చుంది. అరచెయ్యి గోడకి ఆనించింది. ఇంజను అదురు తగులుతోంది కాబోలు, అలా ఆనించే ఉంచింది. ఏదైనా అంటే బాగుండు, తిడితే బాగుండు అనుకున్నాను. ఆవిడ కర్టెన్ అంచు చేతిలోకి తీసుకుని తిరగేసి చూసింది. "లైనింగు బాగానే వేశారు" అంది. కర్టెన్ మళ్ళీ మూసి, మడతలన్నీ సమంగా సర్దింది.

"నీకు తెలుసా?" అంది.

"తెలుసత్తా."

"మీ నాన్నకి?"

నేను నేల వైపు చూశాను. "సరే" అంది ఆవిడ. ఎప్పుడూ అనే సరేలే కాదు అది. సరే, అంతే.

నాన్న మా తలుపు దగ్గరే తచ్చాడుతున్నాడు. అత్త ఆయన పక్కనుంచే నడిచి కాఫీకి వెళ్ళిపోయింది. ఆయన నా మొహం చూసి అర్థం చేసుకున్నాడు. తిన్నగా కింది అంతస్తులో ఆఫీసు కౌంటరు దగ్గరికి పరిగెత్తాడు. నేనూ వెళ్ళాను. కిటికీ ఉన్న గది ఏదైనా సరే ఇమ్మన్నాడు. ఎంతైనా కడతానన్నాడు, ఇంటికెళ్ళి పంపిస్తానన్నాడు, చేతి గడియారం తియ్యబోయాడు. కౌంటరులో ఉన్నతను మర్యాదగానే, ఒక్క గది కూడా ఖాళీ లేదన్నాడు. "మా అక్కకండీ" అన్నాడు నాన్న. ఆ మాట టికెట్లు కొన్న రోజు అని ఉంటే సరిపోయేది. పాపం అనిపించింది, కోపమూ వచ్చింది. రెండూ ఒకేసారి వస్తే ఏం చెయ్యాలో తెలియక ఆయన చెయ్యి పట్టుకుని పైకి తీసుకొచ్చాను.

ఆ రోజంతా ఆయన అన్నం ముట్టుకోలేదు. అత్త తిన్నది, అమ్మతో మాట్లాడింది, డెక్కు మీద జనం భుజాల సందుల్లోంచి సముద్రం చూసింది. కుర్చీ మాత్రం దొరకలేదు. పొద్దున్నే జనం కుర్చీల మీద తువ్వాళ్ళు పరిచి, అవి తమవని వెళ్ళిపోతున్నారు. తువ్వాలు కూర్చుంటుంది, మనుషులు నిలబడతారు.

మర్నాడు తెల్లవారుతూనే నాన్న పైకి వెళ్ళి, రెయిలింగు పక్కనే, సముద్రానికి ఎదురుగా ఒక కుర్చీ పట్టాడు. నేను అత్తని తీసుకుని వెళ్ళేసరికి టోపీ పెట్టుకున్న ఒకాయనతో గొడవ పడుతున్నాడు. ఆ కుర్చీ మీద పరిచి ఉన్న ఆయన తువ్వాలుని నాన్న తీసి పక్కన పెట్టాడట. దుకాణంలో ఎవరెంత విసిగించినా గొంతు పెంచని మనిషి, "మా అక్క కూర్చోవాలి. మా అక్క కూర్చునేదాకా ఎవ్వరూ కూర్చోడానికి వీల్లేదు" అని తనే ఆ కుర్చీ అంచున కూర్చుని అరుస్తున్నాడు. అందరూ మమ్మల్నే చూస్తున్నారు.

"లే తమ్ముడూ. ఆయన్ని కూర్చోనీ" అంది అత్త.

ఆయన లేచాడు. టోపీ ఆయన కూర్చోలేదు, సిగ్గుపడి తువ్వాలు తీసుకుని వెళ్ళిపోయాడు. కుర్చీ ఖాళీగానే ఉంది. అత్త అందులో కూర్చోకుండా రెయిలింగు పట్టుకుని నిలబడింది. నాన్న వెళ్ళి పక్కన నిలబడ్డాడు. నేను రెండడుగుల దూరంలో ఉన్నాను, అంతా వినపడుతోంది.

"అక్కా, ఇంకో ఓడ ఉంది. బాల్కనీ గదులు. అందులో ఇద్దరమే పట్టేవాళ్ళం. నువ్వూ, ఇంకొకరు." రెయిలింగుని అరచేత్తో నొక్కాడు. "నాక్కూడా ఓడెక్కాలనిపించింది. నీకు చెప్తే బాగుండదనిపించింది. గదిలో ఏముందిలే అనుకున్నా."

అత్త నీళ్ళవైపే చూస్తోంది.

"నీకు చెప్పకపోవడం తప్పే. ఎన్నిసార్లు చెబుదామనుకున్నానో. అయినా అక్కా, అడిగితే నువ్వు ఒప్పుకునేదానివే కదా? నలుగురం వెళ్దామంటే కాదంటావా నువ్వు?"

ఆయనకి కావలసిన జవాబు ఏమిటో నాకు తెలుసు. అత్తకీ తెలుసు. ఒక్క మాటతో ఆయన గుండె మీది బండ దించెయ్యగలదు. ఇన్నేళ్ళూ దించుతూనే వచ్చింది. నేను కూడా, చెప్పెయ్యత్తా, ఒప్పుకునేదాన్నని చెప్పెయ్యి, ఈ మనిషిని చూడలేకపోతున్నాను అనుకున్నాను.

అత్త చాలాసేపు ఆలోచించింది. తేలిగ్గా తీసుకుని అన్న మాట కాదు అది. "ఏమో తమ్ముడూ" అంది. "అన్నిటికీ ఒప్పుకున్నాను కదా. ఇదొక్కటీ ఒప్పుకునేదాన్ని కాదేమో."

నాన్న తల వంచుకున్నాడు. ఆయన ఏడవడం అత్త చూసింది. ఓదార్చలేదు. కాసేపటికి మా అమ్మ కాఫీలు పట్టుకుని వచ్చి, ఎవరి మొహం ఎలా ఉందో చూసి, ఏమీ అడగకుండా కప్పులు అందించింది. ఆవిడ నోరు కట్టేసుకోవడం నేను అంతకుముందు చూడలేదు.

ఆ పూటే ఓడ ఒక రేవులో ఆగింది. దిగి ఊరు చూసి సాయంత్రానికి తిరిగి రావచ్చన్నారు. గంట గడిచేసరికి జనమంతా మెట్ల మీదుగా కిందికి జారిపోయారు. డెక్కు మీద కుర్చీలన్నీ ఖాళీ, ఒక్క తువ్వాలు కూడా లేదు. తుడిచేవాళ్ళు ఇద్దరు అటు చివర నీళ్ళు చల్లుతున్నారు. ఒకవైపు రేవు, గిడ్డంగులు, మనుషుల అరుపులు. రెండోవైపు సముద్రం, దాని మీద ఎండ.

మేం ముగ్గురం బయల్దేరడానికి సిద్ధమై అత్త దగ్గరికి వచ్చాం. ఆవిడ సముద్రం వైపు ఒక కుర్చీలో కూర్చుని ఉంది. కొత్త చెప్పులు విప్పి పక్కన పెట్టి, పాదాలు రెయిలింగు కింది కమ్మీ మీద ఆనించింది.

"అక్కా, దిగుతావా? ఉంటావా?" అని అడిగాడు నాన్న. నిజంగా అడిగాడు. అందులో నువ్వు ఇలా చెప్పాలి అన్నది ఏమీ లేదు.

"దిగను."

"అయితే నేనూ ఉంటా. వీళ్ళిద్దరూ వెళ్ళొస్తారు."

"వద్దు. నువ్వూ వెళ్ళు."

"ఒక్కదానివీ ఏం చేస్తావక్కా?"

"చూస్తా" అంది అత్త. ఆయన ఇంకా కదలకపోవడంతో ఇటు తిరిగింది. మొహంలో కోపం లేదు, జాలి కూడా లేదు. "సాయంత్రం దాకా నా దగ్గర ఎవ్వరూ వద్దు తమ్ముడూ. వెళ్ళిరండి."

అత్త ఆయన్ని పొమ్మనడం నేను ఎప్పుడూ వినలేదు. ఆయన కూడా వినలేదనుకుంటాను, ఎందుకంటే అర్థం కానట్టు కాసేపు అలాగే నిలబడ్డాడు. అమ్మ ఆయన మోచెయ్యి పట్టుకుని, "రండి" అంది.

రేవులో దిగి కొంతదూరం నడిచాక నాన్న ఆగి వెనక్కి తిరిగాడు. ఓడ తెల్లగా, ఎత్తుగా నిలబడి ఉంది. ఎండ కళ్ళలో పడుతుంటే నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పై అంతస్తు వెతికాడు. రెయిలింగు దగ్గర ఎవరూ లేరు. అయినా రెండో చెయ్యి పైకెత్తి ఊపాడు. జనం మమ్మల్ని తప్పుకుంటూ పోతున్నారు. ఆయన ఊపుతూనే ఉన్నాడు.

"నాన్నా, ఆవిడ ఇటువైపు లేదు. అటు, సముద్రం వైపు కూర్చుంది" అన్నాను.

"తెలుసు" అన్నాడు. చెయ్యి మాత్రం దించలేదు.